పూత కోసమా, పండు కోసమా? ఇటలీ వెనోస్తా లోయలో ఏ ఊళ్లో దిగాలి

తెల్లటి పూత కమ్మిన ఆపిల్ చెట్ల వరుసలు, వాటి వెనక మొనదేలిన చర్చి గోపురం, ఆ పైన ఇంకా కరగని మంచు. ఇలాంటి ఫొటో చూపించి "ఇక్కడికి వెళ్లాలనుంది, ఏ ఊళ్లో దిగితే బాగుంటుంది?" అని అడుగుతుంటారు. మ్యూనిక్‌లో, జ్యూరిక్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లూ అడుగుతారు, హైదరాబాద్ నుంచి మొదటిసారి యూరప్ బయలుదేరేవాళ్లూ అడుగుతారు. ఊరి పేరు చెప్పే ముందు నేను ఒకటే ప్రశ్న వేస్తాను: వెళ్లేది ఏ తారీఖున? ఎందుకంటే ఏప్రిల్ పదిహేనున ఆ ఫొటోలో ఉండే ఊరు వేరు, మే ఒకటిన ఉండే ఊరు వేరు. విమానం టికెట్ కొన్నాక ఊరిని ఎంచుకోవచ్చు. ఊరిని ముందే ఎంచేసుకుని సెలవు దొరికిన రోజున వెళితే మాత్రం రాలిన రేకులో, విచ్చుకోని మొగ్గలో చూసి తిరిగి రావలసి వస్తుంది.

నేను చెప్పేది ఉత్తర ఇటలీలోని సౌత్ టిరోల్‌లో ఉన్న వెనోస్తా లోయ గురించి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దులకు ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం 1919 నాటి సెయింట్ జర్మెయిన్ ఒప్పందంతో ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చింది. అందుకే ఇక్కడ ఇళ్లలో ఎక్కువగా వినిపించేది జర్మన్. ప్రతి ఊరికీ రెండు పేర్లుంటాయి, స్టేషన్ బోర్డుల మీద రెండూ రాస్తారు. గ్లుర్న్స్‌నే గ్లోరెంజా అంటారు, మాల్స్‌ను మాల్లెస్ అంటారు, లాస్‌ను లాసా అంటారు. టికెట్ కోసం వెతికేటప్పుడు ఒక పేరుతో దొరకకపోతే రెండోది కొట్టి చూడండి.

లోయను మెట్ల వరుసగా చూడండి

స్విస్ సరిహద్దు దగ్గర పుట్టిన అడీజే నది వెనోస్తా లోయ గుండా దిగి మెరానో చేరుతుంది. నది వెంట కింది నుంచి పైకి వెళితే లానా సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మెరానో 325, నాతుర్న్స్ 550, ష్లాండర్స్ 720, లాస్ 870, గ్లుర్న్స్ 907, మాల్స్ 1,050. పూత కూడా ఈ మెట్లెక్కుతూనే పైకి వెళుతుంది. లానా చుట్టూ ఏప్రిల్ మొదటి పక్షం నుంచి నెల మధ్యకు చెట్లు తెల్లబడతాయి. లోయ నడిమి ఊళ్లలో ఏప్రిల్ మూడో వారం అటూ ఇటూ, పై ఊళ్లలో నెలాఖరు నుంచి మే మొదటి రోజుల వరకు. ఏడాదిని బట్టి వారం పది రోజులు ముందు వెనకలు అవుతుంది. మెరానో నుంచి మాల్స్‌కు రైలు మార్గం అరవై కిలోమీటర్లే గనుక, కింద రాలిపోతే పైకి వెళ్లి చూడటం గంటన్నర పని. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఆందోళన తీరిపోతుంది.

కోత లెక్క వేరు. అది ఎత్తు కంటే రకాన్ని బట్టి నడుస్తుంది. ఆగస్టు రెండో సగంలో గాలాతో మొదలై, సెప్టెంబరులో గోల్డెన్ డెలీషియస్, ఆ తర్వాత ఫూజీ, ఆఖరున పింక్ లేడీ అక్టోబరు చివరి దాకా సాగుతుంది. కాబట్టి పండు చూడటానికి వెళ్లేవాళ్లకు రెండు నెలల వెసులుబాటు ఉంది. పూత కోసం వెళ్లేవాళ్లకు ఒక ఊళ్లో పది పన్నెండు రోజులకు మించి ఉండదు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. ఊడలు దిగిన మర్రిలాంటి ముసలి ఆపిల్ చెట్లు, వాటి కింద పచ్చిక, ఊయల ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. ఇక్కడి తోట చూడటానికి దొండ పందిరికి దగ్గరగా ఉంటుంది. పొట్టి వేరుమూలం మీద అంటుకట్టిన మొక్కల్ని తీగలకు కట్టి, స్తంభాల మధ్య గోడల్లా పెంచుతారు. ఎత్తు మూడు నాలుగు మీటర్లకు మించదు. వడగళ్ల నుంచి కాపాడటానికి పైన వలలు కప్పుతారు. సౌత్ టిరోల్ మొత్తం మీద సుమారు 18,000 హెక్టార్లలో ఆపిల్ ఉంది, ఇటలీ పంటలో దాదాపు సగం ఇక్కడిదే. ఆ తోటలు చాలావరకు కుటుంబాలు సాగు చేసుకునే చిన్న కమతాలు. రైతులు పండును సహకార సంఘాల ద్వారా అమ్ముతారు. ఇది పంట భూమి అని గుర్తుంచుకుని నడిస్తే ఆ పొందిక కూడా అందంగానే కనిపిస్తుంది. నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

ఏప్రిల్ మధ్యలో, పెద్దవాళ్లతో: లానా

నేను మొదటిసారి అమ్మను తీసుకుని వెళ్లింది లానాకే. అమ్మ మోకాళ్లు ఎక్కువ మెట్లు ఎక్కనివ్వవు. ఆమెకు పూత చూడాలని ఉంది, ఎండ కావాలి. ఈ మూడూ కలిసే ఊరు ఏప్రిల్ మధ్యలో లానాయే. పన్నెండు వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణం కాబట్టి మందుల షాపు, కిరాణా, బస్సు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. ఊరి అంచులో అడుగు పెడితే తోటే.

అక్కడ మూడో రోజు రాత్రి కిటికీ బయట వాన పడుతున్న చప్పుడు వినిపించింది. లేచి చూస్తే ఆకాశంలో నక్షత్రాలున్నాయి. తోటల్లో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. తెల్లవారాక ప్రతి కొమ్మా, ప్రతి పువ్వూ గాజు తొడుగు వేసుకున్నట్టు మంచు పొరలో మెరుస్తోంది. "పూత మీద మంచు పడితే మాడిపోతుంది కదా, వీళ్లే నీళ్లు చల్లి గడ్డకట్టిస్తున్నారేమిటి?" అని అమ్మ కంగారుపడింది. బస ఇచ్చిన ఇంటావిడ విడమరిచి చెప్పింది. నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడిని వదులుతుంది. పైన కొత్త నీరు పడుతూ ఉన్నంత సేపు లోపలి పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, దాని కన్నా కిందికి పోదు. మధ్యలో నీరు ఆగితే పంట పోయినట్టే. అందుకని ఆమె భర్త ఆ రాత్రంతా తోటలోనే ఉన్నాడు. మాకు కనువిందైన ఆ ఉదయం వాళ్లకు నిద్ర లేని రాత్రి. చలి రాత్రి తర్వాత తెల్లవారుజామున లేవగలిగితే ఈ దృశ్యం వదులుకోకండి. ఎండ పడ్డాక కాసేపటికే కరిగిపోతుంది.

దిగువ లానా చర్చిలో హన్స్ ష్నాటర్‌పెక్ పదహారో శతాబ్దం మొదట్లో చేసిన బలిపీఠం ఉంది. సుమారు పద్నాలుగు మీటర్ల ఎత్తు, చెక్కకు బంగారు పూత. పండ్ల తోటల మ్యూజియం కూడా దగ్గర్లోనే. కొండెక్కలేని వాళ్లకు 1912లో మొదలైన ఫిగిల్‌యోఖ్ రోప్‌వే ఉంది, కొద్ది నిమిషాల్లో సుమారు 1,500 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. కింద పూత, పైన మంచు, రెండూ ఒకే పూటలో.

లోటు ఏమిటంటే లానా మరీ చిన్న ఊరు కాదు. కొత్త కట్టడాలు, కార్ల రద్దీ ఉంటాయి. రాతి వీధులు, కోట గోడలు ఊహించుకునేవాళ్లు ఇక్కడ ఉండకండి.

పక్కనే ఉన్న మెరానో గురించి రెండు మాటలు చాలు. నలభై వేల మంది ఉండే నగరం, వేడినీటి స్నానాల కేంద్రం, ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ 1870లో విడిది చేసిన ట్రౌట్‌మన్స్‌డోర్ఫ్ కోట, దాని చుట్టూ 2001లో తెరిచిన ఉద్యానవనం. పిల్లలతో వెళ్లేవాళ్లకు, వర్షం పడితే ఏం చేయాలా అని బెంగపడేవాళ్లకు ఇది క్షేమమైన ఎంపిక. తోటల మధ్య ఉన్నామన్న భావన మాత్రం హోటల్ గదిలో కలగదు.

నీటి వెంట నడక

ఏ ఊళ్లో దిగినా ఒక రోజు దీనికి కేటాయించండి. నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వానతో బతకడమంటే ఏమిటో తెలుసు. రెండు వైపులా ఎత్తయిన కొండలు మేఘాల్ని అడ్డుకోవడం వల్ల వెనోస్తా లోయలో కురిసేదీ సుమారు అయిదు వందల మిల్లీమీటర్లే! దక్షిణం వైపు చూసే కొండవాలు ఎండిన గడ్డితో, ముళ్ల పొదలతో మా పెన్న ఒడ్డు గుట్టల్నే గుర్తుకు తెచ్చింది. ఎదురుగా ఉత్తరం వైపు చూసే వాలంతా చిక్కటి అడవి. నడుమ పచ్చటి తోట. ఆ పచ్చదనం వానది కాదు, కాలువలది.

మంచు కరిగిన నీటిని కొండ చరియల వెంట సన్నటి కాలువల్లో మైళ్ల దూరం మళ్లించి తెచ్చారు. వాటిని ఇక్కడ వాల్ అంటారు. కాలువను కాచుకుని, చెత్త తీసి, ఎవరి వంతు నీరు వాళ్లకు వదిలే మనిషి వాలర్. మన నీరుగంటే! అతని గుడిసె పక్కన కాలువలో చిన్న నీటి చక్రం తిరుగుతూ సుత్తితో గంట కొడుతుంది. గంట మోగుతున్నంత సేపు నీరు పారుతున్నట్టు. ఆగిపోతే ఎక్కడో గండి పడిందనో, అడ్డం పడిందనో అర్థం, వాలర్ లేచి పరుగెత్తాలి. పైపులు, స్ప్రింక్లర్లు వచ్చాక చాలా కాలువలు మూతబడ్డాయి. మిగిలిన వాటి గట్లు నడక దారులయ్యాయి.

కాలువ నెమ్మదిగా పారాలి కాబట్టి దారి దాదాపు సమతలంగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా నడవగలరు. మార్లింగ్ కాలువ దారి అన్నిటికన్నా పొడవైనది, టోల్ నుంచి లానా దాకా పన్నెండు కిలోమీటర్లు. ష్నాల్స్ లోయలోని సన్యాసుల మఠం వాళ్లు 1737 నుంచి 1756 వరకు తవ్వించారు. అమ్మ అందులో నాలుగు కిలోమీటర్లు నడిచింది. పూత అయిపోయాక వెళ్లేవాళ్లకు కూడా ఈ దారి అంతే బాగుంటుంది.

జులై, ఆగస్టులో: లాస్

వేసవి సెలవుల్లో తప్ప కుదరదనే కుటుంబాలు చాలా ఉంటాయి. జులైలో పూతా ఉండదు, ఆపిల్ కోతా ఉండదు. కానీ ఆప్రికాట్ ఉంటుంది. జులై నెల నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు వెనోస్తా ఆప్రికాట్ కాపు. చెట్టు మీద పండిన ఈ పండు దూర ప్రయాణాన్ని తట్టుకోదు. కాబట్టి ఆ రుచి కోసం అక్కడికే వెళ్లాలి. రోడ్డు పక్కన బుట్టలతో అమ్ముతారు. పులుపు కలిసిన తీపి, చేతికి అంటుకునే రసం.

లాస్‌లో మరో వింత తెల్లరాయి. ఊరి కాలిబాటలు కొన్ని చోట్ల పాలరాతితో పరిచి ఉంటాయి. కొండ మీది గనుల నుంచి తీసే ఈ రాయితో రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల సమాధుల శిలువలు వేల సంఖ్యలో చేశారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషన్‌లో పరిచిందీ ఇదే రాయి. ఆగస్టు మొదట్లో పాలరాయికీ ఆప్రికాట్‌కీ కలిపి ఊళ్లో ఉత్సవం చేస్తారు. అంత చిన్న ఊళ్లో ఆ రోజుల్లో గది దొరకకపోతే ఒక్క స్టేషన్ కింద ఉన్న ష్లాండర్స్‌లో దిగండి. లోయకు అదే ప్రధాన పట్టణం, వసతికి ఏ లోటూ లేదు, చూడటానికి ప్రత్యేకించి మరేమీ లేదు.

నాకు నచ్చినది: గ్లుర్న్స్

చిన్న ఊరు అనే మాటకు నిజంగా సరిపోయేది గ్లుర్న్స్. సుమారు తొమ్మిది వందల జనాభా ఉన్నా చట్టరీత్యా నగరమే. చుట్టూ ప్రాకారం ఎక్కడా తెగకుండా నిలిచి ఉంది, లోపలికి రావడానికి మూడు ద్వారాలు. 1499లో కాల్వెన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు సేన ఓడాక ఊరు తగలబడింది. దాని తర్వాత పదహారో శతాబ్దంలో కట్టిన గోడలివి. ఒక చివర నుంచి మరో చివరకు పది నిమిషాల్లో నడిచేయవచ్చు. కాని నేను మూడు రోజులు నడిచాను. పొట్టి కమాన్ల కింద అరుగులు, రాతి ఇళ్ల నడుమ పశువుల కొట్టాలు, సాయంత్రం గడ్డి బండి వెళ్లేందుకు కారు ఆపుకుని నిలబడే మనుషులు. రాత్రి తొమ్మిదికి ఊరు పడుకుంటుంది.

తోటల విషయంలో గ్లుర్న్స్‌కు లానాతో పోటీ లేదు. ఎగువ వెనోస్తా ఒకప్పుడు టిరోల్‌కు ధాన్యాగారం. రై, గోధుమ పండిన ఈ నేలకు ఆపిల్ ఆలస్యంగా ఎక్కింది. కాబట్టి ఇక్కడ తోటలు, పచ్చిక బీళ్లు, పొలాలు కలిసి కనిపిస్తాయి. అదనంగా పాలబిర్ అనే పాతకాలపు బేరి రకం ఉంది. ఈ చెట్లు మాత్రం నిజంగా పెద్దవి, ముసలివి. మొదట్లో వద్దన్న ఊహ ఇక్కడ కొంత నిజమవుతుంది. సెప్టెంబరులో ఆ పండు పేర ఊళ్లో సంబరం జరుగుతుంది. ఎండబెట్టిన ముక్కలు కలిపి చేసే రొట్టె తప్పక కొనుక్కోండి.

చుట్టుపక్కల చూడవలసినవి కూడా ఎగువనే ఎక్కువ. స్విట్జర్లాండ్‌లోని మ్యూస్టెయిర్ మఠంలో కరోలింజియన్ రాజుల కాలపు, అంటే సుమారు పన్నెండు వందల ఏళ్ల నాటి కుడ్యచిత్రాలున్నాయి, బస్సులో కొద్ది సేపే. స్విట్జర్లాండ్ కూడా ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాల్లోనిదే కాబట్టి వీసా చిక్కు లేదు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకుంటే చాలు. రెషెన్ జలాశయంలో నీటి నుంచి లేచి నిలిచిన గంట గోపురాన్ని 1950లో మునిగిపోయిన గ్రౌన్ ఊరు మిగిల్చింది. శ్రీశైలం ముంపు కథలు విన్నవాళ్లకు అక్కడ ఫొటో తీసుకోవడం అంత సులువు కాదు. వేసవిలో స్టెల్వియో కనుమ తెరిచి ఉంటుంది, ప్రాడ్ వైపు నుంచి నలభై ఎనిమిది మలుపులు.

చిక్కులు మూడు. గ్లుర్న్స్‌కు రైల్వే స్టేషన్ లేదు, మాల్స్‌లో దిగి బస్సెక్కాలి, సామాను తక్కువైతే మూడు కిలోమీటర్లూ నడవవచ్చు. గాలి బాగా వీస్తుంది, మే నెలలో కూడా స్వెట్టర్ కావాలి. హోటళ్లు కొద్దిగానే ఉన్నాయి, వారంలో ఒక రోజు సెలవు పాటిస్తాయి, రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు ముగించుకోవాలి.

ఉబ్బసం ఉన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక సూచన. ఏప్రిల్ నుంచి వేసవి దాకా తోటల్లో మందులు కొడతారు. దగ్గర్లో ట్రాక్టరు కనిపిస్తే దారి మార్చుకోండి, కిటికీ మూసుకోండి. ఈ విషయం మీద అక్కడి మనుషులు కూడా తీవ్రంగా ఆలోచించారు. 2014లో మాల్స్ ప్రజలు ఓటు వేసి, నాలుగింట మూడు వంతుల మెజారిటీతో పురుగుమందులు వద్దన్నారు. తర్వాత అది కోర్టులకెక్కింది. తోట గోడ తగిలేంత దగ్గరలో గది కావాలని అడిగేవాళ్లు ఇది తెలుసుకుని అడగాలి.

జర్మన్ కన్నా ఇటాలియన్ కావాలంటే

దక్షిణాన ట్రెంటినోలో వాల్ ది నోన్ ఉంది. అదీ ఆపిల్ లోయే, మెలిండా అనే సహకార బ్రాండు అక్కడిదే. కొండ లోపలి డోలమైట్ రాతి గుహల్లో పండ్లు నిల్వ చేస్తారు. ట్రెంటో నుంచి చిన్న రైలు క్లెస్ దాకా వెళుతుంది. అక్కడ లోతైన గండ్లు, శాన్ రొమేడియో కొండ గుడి బాగుంటాయి. కారు ఉన్నవాళ్లకు సరిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను వెనోస్తానే చెబుతాను, ఎందుకంటే రైలు ఒక్కటే అన్ని మెట్లనూ కలుపుతుంది.

దారి, వీసా, తిండి

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బొల్జానోకు రైల్లో నాలుగు గంటలు. వెరోనా నుంచి గంటన్నర పైన. బొల్జానో నుంచి మెరానో నలభై నిమిషాలు. జ్యూరిక్ వైపు నుంచి అయితే జెర్నెజ్ దాకా రైలు, ఆపైన పసుపు రంగు స్విస్ పోస్ట్ బస్సు నేరుగా మాల్స్‌లో దింపుతుంది. మెరానో, మాల్స్ మధ్య రైలు 1990లో ఆగిపోయి 2005లో మళ్లీ మొదలైంది. విద్యుదీకరణ పనుల వల్ల కొన్ని భాగాల్లో బదులు బస్సులు నడిపిన రోజులున్నాయి కాబట్టి టైమ్‌టేబుల్ ముందే చూసుకోండి. చాలా బసల్లో ఇచ్చే గెస్ట్ పాస్‌తో స్థానిక రైళ్లు, బస్సులు ఉచితం. గది బుక్ చేసేటప్పుడే పాస్ ఇస్తారా అని అడగండి.

షెంగెన్ వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. మొత్తం యాత్రలో ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. జర్మనీలో ఆరు రాత్రులుండి ఇక్కడ మూడు రాత్రులు గడిపేవాళ్లు ఇటలీకి దరఖాస్తు పెట్టకండి.

శాకాహారులకు ఇబ్బంది లేదు, అడిగి తినాలి అంతే. క్నోడల్ అనే రొట్టె ఉండల్లో పాలకూర రకం ఉంటుంది, కాని మామూలు రకంలో పంది మాంసం ముక్కలు కలుపుతారు. గుడ్డు దాదాపు అన్ని క్నోడల్స్‌లోనూ పడుతుంది. కజ్జికాయ ఆకారంలో ఉండే ష్లుట్స్‌క్రాఫెన్‌లో పాలకూర, జున్ను కూరి పైన కరిగిన వెన్న పోస్తారు, అమ్మకు అదే నచ్చింది. జంటగా అతికి ఉండే రై రొట్టె పార్ల్ వాసన చూడగానే ఆమె "మెంతికూర వేశారు" అంది. నిజమే, అందులో వేసే ఆకు మెంతి జాతిదే.

సెలవు నాలుగు రోజులే ఉండి, ఏప్రిల్ ఇరవై తర్వాత వెళుతుంటే రెండు రాత్రులు లానాలో, రెండు గ్లుర్న్స్‌లో ఉండండి. కింద ఆఖరి పూత, పైన తొలి మొగ్గ రెండూ దక్కుతాయి. సెప్టెంబరు చివర అయితే నాలుగూ గ్లుర్న్స్‌లోనే గడిపి, ఒక రోజు మాల్స్ స్టేషన్‌లో సైకిలు అద్దెకు తీసుకోండి. నది వెంట మెరానో దాకా దాదాపు అంతా దిగుడే, సైకిలును అక్కడే అప్పగించి రైల్లో వెనక్కి రావచ్చు. దారిలో చేతికందే ఎత్తులో వేల పండ్లు కనిపిస్తాయి, వాటిని కోయకండి. తోటల పక్కన పెట్టె, డబ్బులు వేసే డబ్బా పెట్టి ఉంటాయి. చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.